తాతబ్బాయి గీత

గోదారి గట్టు తెగి, అంబాజీపేట మార్కెట్లో రాసులు పోసిన కొబ్బరికాయలు బోడిగుండ్లలా తేలుకుంటూ పోయిన ఏడాది ఒకటుంది. ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళూ, పిల్లల వయసులూ ఇప్పటికీ ఆ వరదతోనే లెక్క కడతారు. ఈ సంగతి జరిగింది ఆ వరదకి నాలుగో ఏడు.

గుబ్బల తాతబ్బాయి అప్పటికి స్టీరింగు వదిలి మూడేళ్ళయ్యింది. ముప్పై ఎనిమిదేళ్ళ పాటు కొబ్బరి లోడుతో బీహారు దాకా, రాజస్థాన్ దాకా లారీ తిప్పినవాడు. ఒక్క మనిషిని గుద్దలేదు, ఒక్క చుక్క తాగలేదు. వాళ్ళ నాన్న తాటిచెట్లెక్కి కల్లు తీసేవాడు. ఒకరోజు తీసిన కల్లు తనే తాగేసి పై నుంచి పడిపోయాడు. తాతబ్బాయి అప్పుడు మూడో తరగతి. బడి అక్కడితో ఆగిపోయింది. తాగుడు మొదలుకాకుండానే అక్కడితో ఆగిపోయింది.

మాట కూడా తక్కువే. బుగ్గన ఎప్పుడూ ఒక పచ్చివక్క చెక్క ఉండేది. ఎవరైనా పలకరిస్తే దాన్ని ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకి మార్చి, "ఊఁ" అనేవాడు. ఆయనకి అదే పెద్ద సంభాషణ.

వరద వచ్చిన రెండో ఏడు కాకినాడ నుంచి హైమవతి అని ఒక డాక్టరమ్మ అంబాజీపేట లారీ స్టాండుకి వచ్చింది. మందులిచ్చే డాక్టరు కాదు, పరిశోధనలు చేసే డాక్టరు. ఆమె చేతిలో తోలు ముక్కలాంటి పట్టీ ఒకటుంది. దాన్ని స్టీరింగుకి చుడితే, డ్రైవరు దాని మీద రెండు చేతులూ వేసిన నిమిషంలో అరచేతి చెమటనీ, నాడినీ చదివి తెర మీద ఒక గీత గీస్తుంది. గడిచిన మూడు నెలల్లో ఆ మనిషి ఒంట్లోకి ఏ మత్తు వెళ్ళినా దాచలేడు. సారాకీ, గంజాయికీ వేరే గుర్తులున్నాయి. అసలు కష్టం మిగతావాటితో వచ్చింది. పేరు తెలియని బిళ్ళలు, ఢాబాల్లో టీలో కలిపిచ్చే నల్లమందు పొట్టు, రోజుకొకటి కొత్తగా వచ్చేవి. వాటికి గుర్తులు కట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని ఆమె ఇంకో దారి పట్టింది.

"మత్తంటే ఏంటో యంత్రానికి చెప్పక్కర్లేదండి. మత్తు లేకపోవడం అంటే ఏంటో ఒక్కసారి చూపిస్తే చాలు. దానికి తేడా వస్తే అదే పట్టుకుంటుంది" అంది హైమవతి, టీ గ్లాసు పక్కన పెట్టి. "కానీ ఏసీలో కూర్చునే మనిషిని చూపిస్తే మీరందరూ తేడాగానే కనపడతారు. ఎండ, డీజిలు పొగ, వేళాపాళా లేని తిండి, సగం నిద్ర, ఇవన్నీ ఒంట్లో ఉండాలి. మత్తు మాత్రం ఉండకూడదు. అలాంటి డ్రైవరు కావాలి నాకు."

స్టాండు ప్రెసిడెంటు ఓలేటి పెద్దిరాజు పకపకా నవ్వాడు. "అలాంటోణ్ణి పటం కట్టి గోడకి తగిలించుకోవాలమ్మా. మా స్టాండంతా గాలించినా ఒక్కడే ఉన్నాడు. అదిగో, ఆ మూల బెంచీ మీద బుగ్గ కదుపుతున్నాడే, ఆయన. బండి దిగి ఏడాదైనా ఒంట్లోంచి రోడ్డు దిగలేదు."

అప్పటికే ఆమె ఎనిమిది ఊళ్ళు తిరిగి మూడొందల మంది చేతులు పట్టుకుని చూసింది. ఆ మూడొందల మందిలో ఆమెకి పనికొచ్చినవాడు తాతబ్బాయి ఒక్కడే.

కాకినాడలో మూడు రోజులుంచుకున్నారు. మెత్తటి పక్క, వేళకి భోజనం. ఒక కాగితం చదివి వినిపించారు. సిగరెట్టు, బీడీ, గుట్కా, సారా, గంజాయి, నల్లమందు, నిద్రబిళ్ళలు, ఏ అలవాటైనా ఉందా అని. "లేవండి" అన్నాడు. ఈ మూడు రోజులూ మీరిచ్చింది తప్ప ఇంకేదీ నోట్లో వేసుకోనని సంతకం పెట్టమన్నారు. పెట్టాడు. పూటపూటకీ ఆయన చేతులు పట్టీ మీద పెట్టించి గీత తీశారు. మూడో రోజున హైమవతి తెర వైపు చూసి చప్పట్లు కొట్టింది. చక్కగా, ఎక్కడా వణుకు లేకుండా, చేపపిల్ల ఎగరని కాలవ నీళ్ళలా ఉంది గీత.

"ఇదేనండీ మన సున్నా" అంది. ఆమె కళ్ళు చెమర్చాయి. తాతబ్బాయి ఎందుకని అడగలేదు. ఆమే చెప్పింది. తమ్ముడు రాజానగరం దగ్గర స్కూటరు మీద వెళ్తుంటే తాగిన లారీ డ్రైవరు వెనక నుంచి గుద్దాడట. "ఇరవై మూడేళ్ళండి వాడికి. ఆ డ్రైవరు దిగి, ఏమైంది తమ్ముడూ అని అడిగాడట. ఏమైందో కూడా తెలీని స్థితిలో ఉన్నాడు."

తాతబ్బాయి వక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుని తల దించుకున్నాడు. ఆ మాటకి "ఊఁ" అనడం కూడా బాగుండదనిపించింది.

*

ఏడాది తిరిగేసరికి రూలొచ్చింది. పట్టీ లేని లారీ రోడ్డెక్కకూడదు. చేతులు పెట్టాక పచ్చదీపం వెలిగితేనే ఇంజను అందుకుంటుంది. ఎర్రదీపం వెలిగితే ఆ డ్రైవరు పేరు మీద ఒక ఎర్రచుక్క పడుతుంది. మూడు పడితే లైసెన్సు పోతుంది, మళ్ళీ జన్మలో రాదు. గీత సున్నాకి పైకి లేస్తే హుషారు బిళ్ళలు మింగినట్టు, కిందకి పడితే నల్లమందులాంటిది తిన్నట్టు.

సున్నా అని ఎవరూ అనలేదు. డ్రైవర్లందరూ దాన్ని తాతబ్బాయి గీత అనేవారు. ఒంగోలులో, చిత్తూరులో, ఆయన మొహం ఎరగని డ్రైవర్లు కూడా ఇంజను తిప్పబోతూ "తాతబ్బాయీ, కాపాడు" అనుకునేవారట. అంబాజీపేటలో అయితే ఎదురుగానే అనేవారు.

"ఏం తాతబ్బాయిగారూ, మీ చెయ్యి ఒక పూట అద్దెకిస్తారేంటండీ? ఖరగపూరు దాకా."

"ఊరుకోరా, ఆయన చెయ్యి అద్దెకిస్తే వాళ్ళావిడ అన్నం ఎవరిచేత కలిపించుకుంటుంది?"

తాతబ్బాయి నవ్వేవాడు కాదు గానీ, నడుం మాత్రం నిటారుగా పెట్టుకుని కూర్చునేవాడు. తాగి నడిపే మాట స్టాండులో వినపడటం మానేసింది. హైమవతి ఫోను చేసి, ఈ ఏడు లారీల కింద పడి పోయినవాళ్ళు సగానికి సగం తగ్గారని చెప్పింది. ఆ రోజు ఆయన భార్య మరిడమ్మని పిలిచి, "విన్నావా?" అన్నాడు. తనంత తను మాట మొదలుపెట్టడం ఆవిడ ఎరగదు. మజ్జిగ చిలకడం ఆపి మరీ చూసింది.

అల్లుడు అబ్బులు కూడా డ్రైవరే. ముక్కామలలో ఇల్లు. పెళ్ళైన కొత్తల్లో తాగేవాడు. కూతురు పుట్టాక మానేశాడు. వరదకి నాలుగో ఏడు కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. తెల్లారి చన్నీళ్ళ స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం. అప్పటిదాకా లారీలో ఎప్పుడూ నములుతూ ఉండే వక్క, కిళ్ళీ కూడా దీక్షలో పనికిరావని వదిలేశాడు. మాలలో ముప్పయ్యో రోజున లోడు కట్టించుకుని, స్వామియే శరణం అనుకుంటూ స్టీరింగు మీద చేతులు పెట్టాడు.

ఎర్రదీపం వెలిగింది. గీత కిందకి పడింది.

"నల్లమందు స్వామీ శరణం!" అని ఎవరో అరిచారు. స్టాండంతా గొల్లుమంది.

మాల తీశాక వక్క జోలికి మళ్ళీ పోలేదు అబ్బులు. ఎలాగూ పోయిన అలవాటు పోనీ అనుకున్నాడు. రెండు నెలలాగి మళ్ళీ చేతులు పెట్టాడు. మళ్ళీ ఎర్రదీపమే. రెండు పడ్డాయి.

ఆ మధ్యాహ్నం తాతబ్బాయి ముక్కామల వెళ్ళాడు. అల్లుడు గడప మీద కూర్చుని ఉన్నాడు. కూతురు భూలక్ష్మి లోపల నుంచి వచ్చి, "నాన్నా, ఈయన పిల్ల మీద ఒట్టేస్తున్నాడు. ఏం చెయ్యాలో నాకు తోచట్లేదు" అంది.

"రక్తం తీయించుకున్నాను మావయ్యా, అమలాపురంలో. ఇదిగో కాయితం. ఏవీ లేదని రాసిచ్చారు."

"రక్తం మూడు రోజులకి మర్చిపోద్ది. చెమట మూడు నెల్లు మర్చిపోదు" అన్నాడు తాతబ్బాయి. అది హైమవతి మాట. ఆయన నోట్లో ఇంకా గట్టిగా వినిపించింది.

అబ్బులు కాగితం మడిచేశాడు. "అది మీ చెయ్యి మావయ్యా, నాది కాదు. మీలా లేనని నన్ను దొంగని చేస్తే ఎలాగండీ?"

"నాలా లేకపోడవే తప్పు."

"పోనీ ఒక్కమాట అడగండి నన్ను. తిన్నావా అని అడగండి. నా మొహం చూసి అడగండి."

తాతబ్బాయి అడగలేదు. కూతురి వైపు తిరిగి, "సంచీ సద్దుకో అమ్మా" అన్నాడు. భూలక్ష్మి మొగుడి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. ఊళ్ళో అందరూ నమ్మే చెయ్యి తండ్రిది. పిల్లని చంకనేసుకుని ఆయన వెనక నడిచింది. అబ్బులు గడప మీద నుంచి లేవలేదు. పిల్ల చెప్పు ఒకటి జారిపడితే తీసి, దుమ్ము దులిపి, పరిగెత్తుకొచ్చి తొడిగి, వెనక్కి వెళ్ళిపోయాడు.

*

ఆ తర్వాత పదిరోజులకి తాతబ్బాయికి కారం తగిలితే ఎడమ బుగ్గ భగ్గుమనడం మొదలైంది. అమలాపురంలో పళ్ళ డాక్టరు టార్చి వేసి చూశాడు.

"ఎన్నేళ్ళ నుంచీ నములుతున్నారు?"

"క్లీనరుగా ఎక్కినప్పట్నుంచీ."

"అన్నీ మానేసినోళ్ళు కూడా దీన్ని మానరండీ. అసలు దీన్ని అలవాటనే అనుకోరు. తెల్లమచ్చ పడింది, పుండయ్యింది. ఇవాళ మానేస్తే పుండుతో పోతుంది. లేదంటే బుగ్గ తీసెయ్యాల్సి వస్తుంది."

తాతబ్బాయి బొడ్లోంచి వక్కల పొట్లం తీసి అక్కడి చెత్తబుట్టలో పడేసి వచ్చాడు. మొదటి వారం తల పగిలిపోయింది. రెండో వారం నుంచి నిద్ర. పొద్దెక్కినా లేవడు, అన్నం ముందు కూర్చునే తూగుతాడు.

"ఇదేంటయ్యా, నీతో కాపురానికొచ్చి నలభయ్యేళ్ళయ్యింది, నువ్వు గురక పెడతావని ఇప్పుడే తెలిసింది" అంది మరిడమ్మ.

ఒళ్ళంతా బరువు దిగినట్టు మెత్తగా ఉంది. ఇన్నేళ్ళూ లోపల ఎవరో ఇంజను ఆపకుండా ఉంచి, ఇప్పుడు తాళం తిప్పేసినట్టుంది. మనుషులందరూ ఇలాగే ఉంటారు కాబోలని ఒకసారి అనుకున్నాడు. ఆ ఆలోచన వెంట ఇంకేదో రాబోయింది గానీ, అంతలో మళ్ళీ నిద్రపట్టేసింది.

సున్నా పాతబడకుండా ఏడాదికోసారి గీత తీసుకోవాలని కాకినాడ వాళ్ళ నియమం. రెండున్నర నెలలు గడిచాక పిలుపొచ్చింది. సరిగ్గా ఆ మర్నాడే అబ్బులు మూడో చెయ్యి, అంటే రవాణా అధికారి ఎదుట మూడోసారి పట్టీ మీద చేతులు పెట్టడం. వెలుతురుండగానే తిరిగొచ్చేస్తానని చెప్పి తాతబ్బాయి బస్సెక్కాడు.

హైమవతి కుర్చీ లాగి కూర్చోబెట్టింది. "నడుం నెప్పి ఎలా ఉందండీ? మనవరాలు బాగుందా?" అంటూనే పట్టీ ముందు పెట్టింది. ఆయన రెండు చేతులూ వేశాడు.

ఎర్రదీపం వెలిగింది.

పక్కనున్న కుర్ర ఇంజనీరు నవ్వాడు. "సున్నాగారు నల్లమందు మొదలెట్టారేంటండీ?"

హైమవతి కూడా నవ్వి పట్టీ మార్చింది. మళ్ళీ ఎర్రదీపం. మూడో పట్టీ పెట్టింది. చేతులు తుడిపించి, మంచినీళ్ళు తాగించి, పావుగంట ఆగి పెట్టించింది. గీత కాస్త కూడా కదలకుండా అదే చోట, సున్నాకి జానెడు కింద పడింది. ఇంజనీరు నవ్వడం ఎప్పుడు ఆపాడో ఎవరూ గమనించలేదు. హైమవతి అతన్ని బయటికి పంపించింది.

"తాతబ్బాయిగారూ, ఏమైనా మందులు వాడుతున్నారా? నిద్రకి, నెప్పులకి?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. తెర వైపే చూస్తున్నాడు. లెక్కలు రావు గానీ, ముప్పై ఎనిమిదేళ్ళు రోడ్డు మీద గీతలు చూసిన కళ్ళు.

"అమ్మా, మా అల్లుడి గీత ఉంటదా ఇందులో?"

అన్ని లారీల గీతలూ అక్కడికే వస్తాయి. పేరు కొట్టి తీసింది. అబ్బులు గీత తెర మీదకి వచ్చి, తాతబ్బాయి గీత మీద వాలింది. రెండు కనపడలేదు. ఒకటే కనిపించింది.



"ఏం మానేశారు మీరు?" అంది హైమవతి.

"వక్క."

"వక్కా?"

"పచ్చివక్క. పుండయ్యిందని మానేశాను. మా వోడు మాలేసుకున్నప్పుడు మానేశాడు."

"మరి అప్పుడు... ఆ మూడు రోజులూ?"

"బొడ్లో ఉండేది. మీరు భోజనం పెట్టాక, చెయ్యి కడుక్కుని వేసుకునేవోణ్ణి. అది తినడవని నేననుకోలేదమ్మా. అన్నం తిన్నాక వక్కేసుకోడం అలవాటంటారా? ఎవరైనా వేసుకుంటారు."

ఆయన అబద్ధం చెప్పలేదని ఆమెకి తెలుసు. ఆమె కూడా ఆ బుగ్గని మూడు రోజులు చూసింది. భోజనాల దగ్గర పళ్ళెంలో వక్కలు పెట్టే ఇంట్లోనే పెరిగింది కాబట్టి, ఆ బుగ్గలో ఏముందని ఆమె కూడా అడగలేదు. వక్క మనిషిని మేలుకొలుపుతుందని ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఆ పుస్తకం ఆమె బల్ల మీదే ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆగకుండా మేలుకొలిపిన ఒంటిని తెచ్చి, ఇదే మామూలు అని యంత్రానికి చెప్పారు. డ్రైవర్లలో ఎక్కువమంది వక్కో, గుట్కానో, కిళ్ళీనో నమిలేవాళ్ళే కాబట్టి వాళ్ళందరికీ పచ్చదీపం వెలిగింది. నిజంగా ఏమీ ముట్టనివాడు మాత్రం కిందకి పడ్డాడు.

"ఎంతమందమ్మా?"

"నూటికి ముగ్గురు." ఆమె తెర ఆపేసింది. "నల్లమందు వాళ్ళు అంతమందే ఉంటారని నేనూ అనుకున్నాను. లెక్క సరిపోయిందని సంతోషపడ్డాను."

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. అటు తిరిగే మాట్లాడింది.

"ఇది ఇవాళ బయటికొస్తే ఏమవుతుందో చెప్పనా? సారా తాగి పట్టుబడినవాడు కూడా నాది వక్కేనంటాడు. కోర్టుకెళ్తారు. పట్టీలన్నీ పీకేయమంటారు. కొత్త సున్నా తియ్యడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో రోడ్డు మీద పోయేవాళ్ళకి ఎవరు సమాధానం చెప్తారు? నాకు కాస్త టైమివ్వండి. లోపల్లోపల సరిచేస్తాను. కింద పడినవాళ్ళ పేర్లు మెల్లిగా తీయించేస్తాను. అప్పటిదాకా... మీరు ఒక్క పదిహేను రోజులు మళ్ళీ వక్క..."

అని ఆగిపోయింది. తాతబ్బాయి చూపుడువేలితో ఎడమ బుగ్గ పక్కకి లాగి నోరు తెరిచి చూపించాడు.

ఆమె చూసింది. చూసి కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"నన్ను క్షమించండి. అడక్కూడనిది అడిగాను."

"పోయింది మా తమ్ముడైతే నేనూ అడుగుదును" అన్నాడు తాతబ్బాయి. కాసేపటికి, "రేపు మా అల్లుడి మూడో చెయ్యమ్మా" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. ఆపుతాననీ అనలేదు, ఆపననీ అనలేదు. బస్సు వేళయ్యేదాకా కూర్చుని ఆయన లేచాడు.

*

పొద్దువాలే వేళకి ఇల్లు చేరాడు. వాకిట్లో మనవరాలు కొబ్బరి చిప్పలో మట్టి కలిపి వంట చేస్తోంది. భూలక్ష్మి బియ్యం ఏరుతూ, తండ్రిని చూసి చేట పక్కన పెట్టింది.

"రేపు మూడోది నాన్నా. మీ డాక్టరమ్మనేవైనా అడిగావా? ఆ ఇంట్లో వంట చేసుకుంటున్నాడో లేదో కూడా తెలీదు నాకు."

తాతబ్బాయి చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోయాడు. మరిడమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడింది. నలభయ్యేళ్ళ మీద ఆ మౌనాలలో ఏ మౌనం ఏదో ఆవిడకి తెలుసు.

"చెప్పు" అంది.

చెప్పాడు. నాలుగు ముక్కల్లో అయిపోయింది.

ఆవిడ చేప ముక్కలకి ఉప్పు పట్టించడానికి వెళ్ళి, అవి వదిలేసి మళ్ళీ వచ్చింది. "అయితే అబ్బులు తిన్లేదన్నమాట."

"తిన్లేదు."

"నువ్వేం చేస్తావు?"

"చెప్తే నేను దొంగ సంతకం పెట్టినోణ్ణి. తాగుబోతులందరూ నా పేరు చెప్పుకుని బయటపడాలని చూస్తారు. ఆ డాక్టరమ్మ కష్టవంతా గంగలో కలుస్తుంది. రేపణ్ణుంచి స్టాండులో తలెత్తుకోలేను."

"ఈ ఏడాదిన్నరా ఎత్తుకున్నావుగా. ఏం కనపడింది? పక్క ఊళ్ళో అల్లుడు కనపళ్ళేదు."

తాతబ్బాయి చెంబు కింద పెట్టాడు. వాళ్ళ నాన్న చెట్టు మీద నుంచి పడ్డప్పుడు ఊరంతా ఒకటే మాటంది. తాగుబోతు కాబట్టి పడ్డాడని. ఆ చెట్టు మట్టలు ఎండి ఉన్నాయేమో, నడుముకి కట్టుకునే మోకు పాతదేమో ఎవరూ చూడలేదు. ఎనిమిదేళ్ళ పిల్లాడు తను కూడా చూడలేదు. తాగాడన్న ఒక్కమాట దగ్గర అందరి చూపూ ఆగిపోయింది. ఇన్నేళ్ళకి మొదటిసారి, ఆ మోకు ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు.

భూలక్ష్మి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. ఏడవలేదు, అరవలేదు.

"నేను కూడా అడగలేదు నాన్నా ఆయన్ని" అంది. "నువ్వడగలేదని నేనూ అడగలేదు."



*

మర్నాడు ఏడింటికల్లా స్టాండు నిండిపోయింది. మూడో చెయ్యంటే చూడటానికి వచ్చేవాళ్ళుంటారు. రవాణా అధికారి పుస్తకం పట్టుకుని లారీ పక్కన నిలబడ్డాడు. అబ్బులు తెల్లచొక్కా వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా టైరు దగ్గర నిలబడ్డాడు. మూడు నెలల్లో మనిషి సగమయ్యాడు.

"రావయ్యా, ఎక్కు" అన్నాడు అధికారి.

"ఆగండి" అన్నాడు తాతబ్బాయి.

జనాన్ని తోసుకుంటూ వచ్చి, పంచె ఎగ్గట్టి, మెట్టు మీద కాలేసి లారీ ఎక్కాడు. నాలుగేళ్ళు కావస్తోంది ఎక్కి. మోకాలు పట్టేసింది. ఎవరో చెయ్యి అందించబోతే వద్దన్నాడు.

"తాతబ్బాయిగారూ, మీరెందుకండీ? అల్లుడికి బదులు మామ చెయ్యి పెడతానంటే రూలు ఒప్పుకోదు" అన్నాడు అధికారి.

"బదులు కాదు. ముందు."

రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. పెద్దిరాజు నవ్వుతూ, "పచ్చదీపానికే బొట్టు పెట్టినట్టుంటది చూడండి" అన్నాడు.

ఎర్రదీపం వెలిగింది.

 రోడ్డు మీద వెళ్ళే బస్సు హారను కొట్టింది. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

తాతబ్బాయి సీటులోంచే మాట్లాడాడు. ఆయన ఒక్కసారిగా అంత మాట్లాడటం అక్కడ ఎవరూ వినలేదు.

"మీరందరూ చేతులు పెడుతున్నది నా గీత మీద కాదు. నా బుగ్గలో వక్క మీద. మూడు రోజులు ఏదీ నోట్లో వేసుకోనని సంతకం పెట్టి, వేసుకున్నాను. డాక్టరమ్మకి తెలీదు. తప్పు నాది. వక్క మానేశాక నా గీత ఎక్కడ పడిందో మీరే చూశారు. మా అబ్బులుదీ అక్కడే పడింది. వక్క, కిళ్ళీ ముట్టనోడికి ఎవడికైనా అక్కడే పడద్ది. కానీ ఒకటి వినండి. సారా గుర్తు పడినోడికి, గంజాయి గుర్తు పడినోడికి, గీత పైకి లేచినోడికి నాతో పని లేదు. వాళ్ళెవరైనా రేపు నా పేరెత్తితే, కోర్టుకొచ్చి ఎదురు సాక్ష్యం చెప్పేది నేనే."

"మరి నేనిప్పుడు ఏం రాసుకోనండీ?" అన్నాడు అధికారి. ఆయనకి చెమటలు పట్టాయి.

"చూసింది రాసుకోండి. గుబ్బల తాతబ్బాయి, ఎర్రదీపం."

అధికారి పుస్తకం మూశాడు. పైవాళ్ళతో మాట్లాడేదాకా మూడో చెయ్యి లేదన్నాడు. ఫోను పట్టుకుని చెట్టు నీడకి పోయాడు. జనంలో ఒకడు "ముసలోడు మన కొంప ముంచాడు" అన్నాడు. ఇంకొకడు "మనది కాదులే, డాక్టరమ్మది" అన్నాడు. పెద్దిరాజు ఎవరినీ చూడకుండా బీడీ ముట్టించుకున్నాడు.

తాతబ్బాయి మెల్లిగా దిగి, అల్లుడి ఎదురుగా నిలబడ్డాడు.

"తిన్నావా అబ్బులూ?"

అబ్బులు దవడలు బిగుసుకున్నాయి.

"తినలేదు మావయ్యా."

"ఊఁ."

తాతబ్బాయి టీకొట్టు దగ్గరికి వెళ్ళి, లోడు రాసుకునే తెల్లకాగితం ఒకటి, పెన్ను ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. ఎప్పుడూ కూర్చునే మూల బెంచీ కాదు, స్టాండు గేటు పక్క నేల మీద, లోపలికొచ్చే ప్రతి డ్రైవరూ చూసేచోట కూర్చున్నాడు. గీత కిందకి పడినవాళ్ళెవరైనా ఉంటే పేరు చెప్పండి, కాకినాడ పట్టుకెళ్ళి ఇస్తానన్నాడు. ఎవరూ దగ్గరికి రాలేదు. ఒక్కో అక్షరం మోకాలి మీద పెట్టి, దిద్దుకుంటూ మొదటి పేరు రాశాడు. అబ్బులు అని రాసేసరికి పక్క లారీ ఇంజను వేడెక్కింది.

నీడ ఒకటి కాగితం మీద పడింది. అబ్బులు వచ్చి ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. మామ మొహం వైపు చూడలేదు, కాగితం వైపే చూస్తూ అన్నాడు:

"రాయండి. ద్వారపూడి కనకరాజు. పలివెల. వాడికీ రెండు పడ్డాయి."

తాతబ్బాయి రాయడం మొదలుపెట్టాడు.